సార్డీన్ల డబ్బాతో చేసిన పెట్టె

పిల్లల చేతికి సీసా మూతలు ఇస్తే ఎవరైనా పువ్వులే చేయిస్తారు. ఆ పువ్వులు నాలుగు రోజులు గోడకు వేలాడి, ఐదో రోజు మళ్ళీ చెత్తబుట్టలోకే పోతాయి. అలాంటి పని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎల్ ఆల్తో ఊళ్ళో పెద్ద సంత వెనకాల ఉన్న బాలవాడిలో, పిల్లల చేత చెత్తతో బొమ్మలు చేయించే ఈ బల్లను పదకొండేళ్ళుగా నేనే నడుపుతున్నాను. నా బల్ల మీద తయారైన ప్రతిదానికీ ఒక పని ఉంటుంది.

నా పేరు కాసిమిరా. వయసు అరవై రెండు. పెద్దవాళ్ళు దోన్యా అని మర్యాదగా పిలుస్తారు, పిల్లలు కాసి పెద్దమ్మ అంటారు. సంతలో బంగాళాదుంపలు, పాత బట్టలు, సబ్బులు అమ్ముకునే ఆడవాళ్ళు పొద్దున్నే పిల్లల్ని మా దగ్గర దింపి, పొద్దుగూకే ముందు వచ్చి తీసుకుపోతారు. అందరూ మూడు నుంచి ఐదేళ్ళ మధ్యవాళ్ళు. నేను సంత మూసే వేళకు గోనెసంచి పట్టుకుని బయల్దేరి గుడ్ల అట్టలు, పాల డబ్బాలు, సార్డీన్ చేపల డబ్బాలు, తెగిన టెలిఫోను తీగలు ఏరుకొస్తాను. డబ్బాల అంచులు నేనే రాయి మీద అరగదీస్తాను. ఇన్నేళ్ళలో ఒక్క పిల్ల వేలు తెగలేదు. నా వేళ్ళు తెగాయి, అది వేరే సంగతి.

జనవరి వచ్చిందంటే మా బల్ల దగ్గర ఊపిరాడదు. ఇరవై నాలుగో తారీకు అలసిత పండుగ. ఆ రోజు సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి, మనకు కావలసినది చిన్న బొమ్మగా చేతిలో పట్టుకుని సాంబ్రాణి పొగ పట్టిస్తే, ఏడాది తిరిగేలోగా అది అసలు రూపంలో ఇంటికొస్తుంది. ఇల్లు కావలసినవాళ్ళు అగ్గిపెట్టెంత ఇల్లు పట్టుకుంటారు, లారీ కావలసినవాళ్ళు అరచేతిలో లారీ పట్టుకుంటారు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఎవరిది వాళ్ళే చేసుకుంటే గుణం ఉండదు. ఇంకొకరు చేసి చేతిలో పెట్టాలి.

అందుకే మా బల్ల దగ్గర పద్ధతి వేరు. నీకు కావలసినది నువ్వు చెయ్యకూడదు. పక్కవాడి చెవిలో చెప్పు, వాడు నీకు చేస్తాడు. నువ్వు ఇంకొకరికి చెయ్యి. నాలుగేళ్ళ పిల్లలకు ఇంత న్యాయం ఎలా అర్థమవుతుందని మొదట్లో టీచరమ్మలు నవ్వారు. పెద్దవాళ్ళకే అర్థం కాదు, పిల్లలకు ఇట్టే అర్థమైపోతుంది.

మా నాన్న రేకు పనివాడు. ఏడాది పొడుగునా అలసిత కోసమే బొమ్మలు చేసేవాడు. బస్సు చేస్తే లోపల స్టెప్నీ చక్రం కూడా పెట్టేవాడు, ఎవరికీ కనపడకపోయినా సరే. ఇల్లు చేస్తే తలుపుకు గొళ్ళెం ఉండాల్సిందే. "ఒక్కటి తక్కువైతే అడిగినవాళ్ళకు ఆ తక్కువే వస్తుందే పిచ్చిదానా" అని నా నెత్తిన మొట్టేవాడు. ఇది ఆయన నుంచి నాకు అబ్బిన గుణం. నా చేతిమీదుగా పోయే బొమ్మలో లోటు ఉండదని సంతలో అందరికీ తెలుసు. నాకు కూడా ఆ విషయంలో కాస్త పొగరే.

నేను చెప్పబోయే ఏడు జనవరి మొదటి వారంలోనే గొడవ మొదలైంది. విల్దెర్ అనే నాలుగేళ్ళవాడు నికోల్ చెవిలో తనకు కరిచే కుక్క కావాలన్నాడు. నికోల్ గుడ్ల అట్ట సగానికి కత్తిరించి, దానికి ఆరు బుడిపెలు ఉన్నాయి కాబట్టి ఆరు కాళ్ళ కుక్కను చేసి, సీసా మూతను మడిచి పళ్ళు పెట్టింది.

"కుక్కకి ఆరు కాళ్ళేంటే?" అని వాడు ఏడుపు మొహం పెట్టాడు.

"తొందరగా పరిగెత్తి కరుస్తది. నీకు నాలుగు చాలంటే రెండు విరిచేస్తా, చెప్పు" అంది అది.

వాడు కుక్కను గుండెలకు హత్తుకుని బల్ల కింద దూరాడు. వంట గదిలోంచి ఇదంతా విన్న గుమెర్సిందా పగలబడి నవ్వింది. గుమెర్సిందా మా వంటమనిషి. నాకంటే రెండేళ్ళు పెద్దది, చూపు మందగించింది, నోరు మాత్రం ఇంకా పదునుగానే ఉంది. మొగుడు కావలసిన ఆడదానికి అలసిత నాడు ఎవరైనా కోడిపుంజు బొమ్మ ఇవ్వాలని మా దగ్గర ఆనవాయితీ. గుమెర్సిందా ప్రతి ఏటా నాకో పుంజు ఇస్తుంది.

"ఈ ఏడైనా వస్తాడేమో చూడు కాసిమిరా. పదకొండు పుంజులయ్యాయి. కోళ్ళఫారం పెట్టుకోవచ్చు నువ్వు."

"వచ్చినా నీ వంట తిని పారిపోతాడులే" అంటాను నేను.

అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇంటికి వెళ్ళి ఆ పుంజును మిగతావాటి పక్కన పెట్టేటప్పుడు మాత్రం నవ్వు రాదు. పెళ్ళి చేసుకోలేదని బాధ ఉండే రోజులు ఎప్పుడో దాటిపోయాయి. సాయంత్రం తాళం తీసి లోపలికి అడుగుపెడితే పొద్దున నేను పెట్టిన గిన్నె పెట్టినచోటే ఉంటుంది చూడండి, దానికి అలవాటు పడడం కష్టం. నేను పడలేదు.

అరేలి వచ్చాకే నా ఇంట్లో గిన్నెలు చోటు మారడం మొదలైంది.

అరేలి నాకు చుట్టం కాదు. దాని తల్లి జొవానా మా వాకిట్లోని వెనక గదిలో అద్దెకుండేది. మూడు నెలల్లో వచ్చేస్తానని చెప్పి, చిలీలోని ఇకికె ఊరికి పనికోసం బస్సెక్కింది. పిల్లను నా దగ్గర వదిలింది. అప్పుడు దానికి మూడేళ్ళు. ఆ మూడు నెలలు రెండేళ్ళయ్యాయి. మొదట ప్రతి ఆదివారం ఫోను చేసేది, తర్వాత వారం విడిచి వారం. ఎప్పుడు చేసినా ఒకటే మాట: కార్నివాల్ పండక్కి వస్తాను, వచ్చి తీసుకెళ్తాను.

నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఈ కథ చెప్పడం లేదు. ఉన్నదున్నట్టు చెప్తాను. ఆ పిల్ల తల్లి రావాలని ఏ రోజూ నేను కోరుకోలేదు. ఫోను మోగని ఆదివారాలు నాకు సుఖంగా ఉండేవి. మేమిద్దరం రొట్టె తుంచుకుని పాలలో ముంచుకు తింటూ ఉంటే, ఇంటి తలుపు మూసుకుని ఇలాగే ఉండిపోతే ఎవరికేం నష్టం అనిపించేది.

జనవరి రెండో వారంలో అరేలి నా పక్కకు వచ్చి ఏప్రన్ అంచు లాగింది.

"పెద్దమ్మా, నాది నువ్వే చెయ్యి."

"నీ పక్కన నికోల్ ఉందిగా. దానికి చెప్పు."

"అది నా దానిక్కూడా ఆరు కాళ్ళు పెడతది. నువ్వయితే బాగా చేస్తావు."

"సరే, ఏం కావాలో చెవిలో చెప్పు."

అది మునివేళ్ళ మీద లేచి, నా చెవి చుట్టూ రెండు చేతులూ పెట్టి చెప్పింది. "ఊరెళ్ళే పెట్టె. బట్టలు, కాయితం, టికెట్టు అన్నీ ఉండాలి. అమ్మ రాకపోయినా నేనే వెళ్తా."

అలసిత నాడు పెట్టె చేతిలో పట్టుకున్నవాళ్ళు ఊరు దాటుతారు. ఇది మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు. మా వీధిలో అలా పెట్టె పట్టుకున్నవాళ్ళు ముగ్గురు వెళ్ళిపోయారు, ఒక్కరూ తిరిగి రాలేదు.

"వేరే ఏదైనా అడగవే. బొమ్మలకొట్టు చేస్తా. గాలిపటం చేస్తా" అన్నాను.

"నువ్వే చెప్పావుగా, ఏం కావాలో అదే అడగాలని."

నిజమే, నేనే చెప్పాను. పదకొండేళ్ళుగా చెప్తున్నాను.

పిల్లలు మధ్యాహ్నం నిద్రపోయే గంటలో కూర్చుని ఆ పెట్టె చేశాను. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. సార్డీన్ల డబ్బా తీసుకుని, మూత వంపు సుత్తితో సరిచేసి, టెలిఫోను తీగతో కీళ్ళు పెట్టాను. నల్ల తీగ మెలేసి పిడి చేశాను. చాక్లెట్టు కాగితాలు గోటితో సాపు చేసి లోపల అంటించాను, తెరిస్తే వెండిలా మెరిసింది. పాత మేజోడు నుంచి బొటనవేలంత స్వెటరు, దుప్పటి ముక్క నుంచి లంగా కుట్టాను. నోటుబుక్కు అట్టతో పాస్‌పోర్టు చేసి, దాని మీద అరేలి మొహం గీశాను, చెంపలు ఎర్రగా, ముందు పన్ను ఊడినట్టు. నా జీవితంలో అంత మంచి పని చెయ్యలేదు. మా నాన్న ఉంటే తిప్పి తిప్పి చూసి, ఏ వంకా దొరకక, పక్కకు తిరిగి దగ్గి ఊరుకునేవాడు.

చివరిరోజు టికెట్టు చేశాను. పండ్లరసం డబ్బా లోపలి వైపు తెల్లగా ఉంటుంది. దాన్ని సన్నగా కత్తిరించి, ఎల్ ఆల్తో నుంచి ఇకికె అని రాసి, కిటికీ పక్క సీటు నెంబరు వేశాను. కిటికీ పక్కన కూర్చుంటే దానికి వాంతి రాదు. అంతా అయ్యాక టికెట్టు పాస్‌పోర్టులో పెట్టబోయి ఆగాను.

చుట్టూ చాపల మీద పదిహేడు మంది పిల్లలు నిద్రపోతున్నారు. అరేలి నోరు తెరుచుకుని పడుకుంది. గుమెర్సిందా వంటగదిలో గిన్నెలు తోముతోంది. నన్ను ఎవరూ చూడడం లేదు. టికెట్టు మడిచి నా ఏప్రన్ జేబులో వేసుకుని పెట్టె మూత నొక్కాను. అది టక్కుమని పడింది.

మరిచిపోయానని చెప్పుకోవచ్చు. మరిచిపోలేదు. ఆ పిల్ల నాకు కావాలి. అంతే.

ఇరవై నాలుగున పొద్దుట వడగళ్ళు కురిసి పదకొండింటికి ఆగాయి. పిల్లలందరికీ ఒకే తాడు పట్టించి సంత మూలకు తీసుకెళ్ళాం. అక్కడ పొగ వేసే ముసలాయన కుంపటి ముందు కూర్చున్నాడు, ఆయన చుట్టూ జనం తోసుకుంటున్నారు. గుడి గంట మొదటి దెబ్బ పడగానే అందరి చేతులూ పైకి లేచాయి. అరచేతుల్లో ఇళ్ళు, లారీలు, డబ్బుకట్టలు, ఆరు కాళ్ళ కుక్క. ముసలాయన రంగుకాగితపు ముక్కలు చల్లి, సారా చిలకరించి, గొణుగుతూ పొగ తిప్పాడు.

అరేలి పెట్టెను నెత్తిమీద పెట్టుకుంది. పొగ దాని దగ్గరికి వచ్చినప్పుడు మూత కొంచెం ఎత్తింది, పొగ లోపలికి కూడా పోవాలని. దాని పెదవులు కదులుతున్నాయి. ఏం అడుగుతోందో నాకు వినపడలేదు. వినాల్సిన పనీ లేదు. నా జేబులో టికెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. గుడిగంట పన్నెండు కొట్టేదాకా చెయ్యి తియ్యలేదు.

"ఏంటే, పొట్ట నొప్పా?" అంది గుమెర్సిందా, పుంజు నా చేతిలో కుక్కుతూ.

"నీ సూపు తాగాక ఎవరికి నొప్పి రాదు?" అన్నాను.

తర్వాత మూడు వారాలు అరేలి పెట్టెను వదల్లేదు. పడుకునేటప్పుడు మెడ దగ్గర పెట్టుకునేది. తెరవమంటే వద్దనేది, లోపలి పొగ పోతుందట. ఆ మాట వినగానే గుండె మీద నుంచి బండ దిగినట్టయింది నాకు. సిగ్గుపడాల్సింది పోయి సంతోషపడ్డాను.

కార్నివాల్ వచ్చింది. వీధుల్లో పిల్లలు నురగ చల్లుకుంటున్నారు, నీళ్ళ బుడగలు విసురుకుంటున్నారు, బాజాలు వినపడుతున్నాయి. అరేలి శనివారం పొద్దున్నుంచి గడప మీద కూర్చుంది. ఉతికిన మేజోళ్ళు వేసుకుంది, జుట్టుకు నీళ్ళు రాసి తనే దువ్వుకుంది. తినడానికి పిలిస్తే గిన్నె అక్కడికే తెమ్మంది. ఎర్ర చొక్కా వేసుకున్న ప్రతి ఆడమనిషినీ చూసి లేచి నిలబడేది. తల్లి ఎర్ర చొక్కాతో వెళ్ళిందని దానికి గుర్తో, నేను చెప్పానో తెలియదు. ఆదివారం కూర్చుంది. సోమవారం కూర్చుంది. మంగళవారం వీధిలో అందరూ ఇళ్ళ మీద రంగుకాగితాలు చల్లుకుంటుంటే, చల్లినవాళ్ళను తిట్టింది, అలా చల్లితే అమ్మ ఇల్లు గుర్తుపట్టదని.

నేను కోరుకున్నదే జరుగుతోంది. అయినా నాకు అన్నం సయించలేదు.

బుధవారం జొవానా ఫోను చేసింది, ఈసారి రాలేకపోయానని చెప్పడానికి. అరేలి ఫోను రెండు చేతులతో పట్టుకుని "ఊ, ఊ" అని విన్నది. ఫోను నాకిచ్చేసి మంచం ఎక్కి పెట్టె తెరిచింది. స్వెటరు తీసి పక్కన పెట్టింది, లంగా తీసింది, పాస్‌పోర్టు విప్పింది, మళ్ళీ మూసింది. పెట్టె బోర్లించి అడుగున కొట్టింది. వెండి కాగితం కింద వేలు పెట్టి చూసింది.

"పెద్దమ్మా, టికెట్టు లేదు."

నేను పొయ్యి దగ్గర వెనక్కు తిరిగి నిలబడ్డాను. "ఎక్కడో పడిపోయి ఉంటుందిలే" అన్నాను.

"నేను తెరవలేదుగా."

నేను పొయ్యి మీది గిన్నె కలుపుతూ ఉండిపోయాను.

మర్నాడు బాలవాడిలో అది పెట్టె చంకన పెట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. ముందు విల్దెర్ దగ్గరికి. "నాకో టికెట్టు చేసివ్వవా? నేను చేసుకుంటే పనిచెయ్యదు." వాడు పాలకవరు కత్తిరించి దానిమీద ఒక చక్రం గీశాడు. నికోల్ సీసా లేబులు చింపి ఇచ్చింది. మూడేళ్ళ పిల్లలు కూడా ఏదో గీకి ఇచ్చారు. పదకొండు టికెట్లయ్యాయి. అన్నింటినీ పెట్టెలో కుక్కితే మూత పడలేదు.

అప్పుడు నికోల్ నడుం మీద చేతులు పెట్టుకుని అంది: "అవి పనిచెయ్యవే. పన్నెండయిపోయింది."

"మళ్ళీ ఇవాళ పన్నెండవుద్దిగా" అన్నాడు విల్దెర్.

"ఈ పన్నెండు కాదురా మొద్దూ. ఆ పన్నెండు. అది మళ్ళీ ఏడాదికి గానీ రాదు. పొగ ఉండాలి, గంట ఉండాలి. పెద్దమ్మ చెప్పలా? అవును కదా పెద్దమ్మా?"

పదిహేడు మొహాలు నా వైపు తిరిగాయి. అరేలి కూడా చూసింది. నేను కాదంటే బతికిపోతుంది, ఆ చూపు అలా ఉంది.

"అవును" అన్నాను.

అరేలి ఏడవలేదు. ఏడిస్తే ఎత్తుకునేదాన్ని. టికెట్లు ఒక్కొక్కటే తీసి ఎవరిది వాళ్ళకు ఇచ్చేసింది, బల్ల చివర కూర్చుని గోడ వైపు తిరిగింది.

ఇక నా వల్ల కాలేదు. గుమెర్సిందాను పిల్లల్ని చూడమని చెప్పి, వెనక పెరట్లో బట్టలారేసే తీగల మధ్యకు వెళ్ళి జొవానాకు ఫోను చేశాను. ఎత్తగానే, ఊపిరి కూడా తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. పెట్టె చెయ్యమని అడిగింది, చేశాను, టికెట్టు దాచేశాను, అందుకే నీ ప్రయాణం చెడింది, తప్పు నాది, నీకు టికెట్టు డబ్బులు నేను పంపుతాను, వచ్చి పిల్లను తీసుకుపో. ఆ క్షణంలో నిజంగానే అన్నాను. పంపేదాన్ని కూడా.

జొవానా నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"దోన్యా, టికెట్టుదేముందండీ. అది పెట్టినా నేను రాను."

"అంటే?"

"ఇక్కడ ఒకాయనతో ఉంటున్నా. ఏడాదిన్నరయింది. నాకు పిల్ల ఉందని ఆయనకి చెప్పలేదు. ఇప్పుడెలా చెప్పను? నాకు నాలుగో నెల."

"మరి ప్రతిసారీ వస్తా, వస్తా అని దానికెందుకు చెప్తున్నావే? నాలుగు రోజులు గడప మీద కూర్చుంది తెలుసా? ఎర్ర చొక్కా వేసుకున్నదాన్నల్లా చూసి లేచిందే!" నా గొంతు నాకే తెలియకుండా పెరిగిపోయింది. వంటగది కిటికీలోంచి గుమెర్సిందా తల బయటపెట్టి చూసింది.

"ఇంకేం చెప్పాలో తెలీక దోన్యా. రానని చెప్పడానికి నోరు రాదు నాకు. మీరే ఉంచేసుకోండి దాన్ని. మీకూ ఎవరూ లేరు కదా."

ఫోను పెట్టేసింది.

మీకూ ఎవరూ లేరు కదా. అందులో అబద్ధం లేదు. నాకు కావలసింది తెచ్చి నా చేతిలో పెట్టింది, ఇంతకంటే ఏం కావాలి? రెండేళ్ళుగా నేను మనసులో మొక్కుకున్నది ఇదే. ఆరేసిన చిన్న చిన్న బట్టల మధ్య నిలబడి అరగంటసేపు ఏడ్చాను. నా కోసమా, దాని కోసమా అని అడిగితే చెప్పలేను.

"ఎవరైనా పోయారా?" అంది గుమెర్సిందా లోపలికి రాగానే. ఈసారి హాస్యం లేదు.

"లేదు. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు" అన్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో వేరుశనగ సూపు కాచాను, దానికిష్టమని. అది బల్ల దగ్గర కూర్చుని చెంచాతో గిన్నెలో గుండ్రంగా తిప్పుతోంది. తినడం లేదు. కార్నివాల్ నుంచి సరిగ్గా తినలేదు, మెడ సన్నబడింది.

"పెద్దమ్మా" అంది, తల ఎత్తకుండా. "అమ్మకి నేనంటే ఇష్టం లేదా?"

ఇంత పిల్లకు ఈ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందా అనుకున్నాను. ఎక్కడినుంచి వస్తుంది? నాలుగు రోజులు గడప మీద కూర్చుంటే వస్తుంది. పన్నెండయిపోయింది, టికెట్టు లేదు, అవన్నీ పక్కన పెట్టి ఇది అసలు సంగతి దగ్గరికి వచ్చేసింది. ఇంకో అడుగు వేస్తే దాని చేతికి అందుతుంది.

నేను దాని ఎదురుగా కూర్చున్నాను.

"టికెట్టు నేను తీసేశాను" అన్నాను.

చెంచా ఆగింది.

"చేశాను. ఎల్ ఆల్తో నుంచి ఇకికె అని రాశాను. కిటికీ పక్క సీటు. తర్వాత పెట్టెలో పెట్టకుండా జేబులో దాచుకున్నా."

"మర్చిపోయావా?"

ఊ అంటే సరిపోయేది. పిల్లలు మరపును క్షమిస్తారు, రోజూ చూస్తున్నాను. కానీ మరిచిపోయిన పెద్దమ్మ మీద దానికి జాలి వేస్తుంది, కోపం రాదు. ఆ కోపం ఇంకెక్కడికైనా పోవాలి కదా. ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

"లేదు. కావాలనే. నువ్వెళ్ళిపోతావని."

అరేలి నన్ను చూసింది. ఆ పిల్ల నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. సంతలో జేబు కొట్టి దొరికినవాడిని జనం చూసినట్టు చూసింది. కింది పెదవి గట్టిగా బిగించింది.

"అయితే అమ్మ తప్పు కాదు."

"కాదు" అన్నాను.

"అమ్మ వద్దామనే అనుకుంది."

"అనుకుంది. బస్టాండు దాకా వచ్చిందట. ఇక్కడ టికెట్టు లేదు కాబట్టి అక్కడా దొరకలేదు."

దాని భుజాలు కిందికి దిగాయి. నాలుగైదు రోజులుగా చెవుల దాకా బిగబట్టి ఉన్న భుజాలు అవి. మొహంలోకి రంగు వచ్చింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది.

"వచ్చే ఏడు నా పెట్టె నువ్వు చెయ్యకు. గుమెర్సిందా చేస్తది."

"దానికి సూదిలో దారం కూడా కనపడదే."

"ఫర్లేదు. ఆమె దొంగ కాదు."

"సరే" అన్నాను.

అది గిన్నె తీసుకుని లేచింది. బల్ల చుట్టూ తిరిగి, నాకు అందనంత దూరంలో గడప మీద నాకు వీపు చూపిస్తూ కూర్చుంది. కాసేపటికి చెంచా చప్పుడు వినిపించింది. తినసాగింది. అడుగు గీకేదాకా తింది. తర్వాత, ఇటు తిరగకుండానే, మొహం చూడకుండానే, ఖాళీ గిన్నె పట్టుకున్న చెయ్యి మాత్రం వెనక్కు చాపింది. నేను లేచి వెళ్ళి ఇంకో గరిటె సూపు పోశాను.